మందులకు అనుమతులిచ్చే పెద్దలకు: పేగుల్లోని బ్యాక్టీరియా సంగతి కూడా అడగండి

అయ్యా, అమ్మా,

అమెరికా ఎఫ్‌డీఏ, ఐరోపా ఈఎంఏ మొదలుకొని ప్రతి దేశంలోని ఔషధ నియంత్రణ సంస్థకూ, ఉమ్మడి మార్గదర్శకాలు తయారుచేసే ఐసీహెచ్‌కూ కలిపి రాస్తున్న లేఖ ఇది. నేను ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, పాఠాలు చెప్పుకునేవాణ్ని. కొత్త మందు ఏదైనా అనుమతి కోసం మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు వేసే ప్రశ్నల వరస నాకు కంఠతా వచ్చు. కాలేయానికి ఏమైనా అవుతుందా, కిడ్నీలు తట్టుకుంటాయా, గుండె లయ తప్పుతుందా, కడుపులో బిడ్డకు హాని ఉందా, క్యాన్సర్ తెస్తుందా, పక్కన వేసుకునే మరో మాత్రతో పేచీ పెట్టుకుంటుందా. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. వాటిలో కొన్నిటి వెనక ఎప్పుడో జరిగిన ఘోరం కూడా ఉంది.

ఆ వరసలో పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా ప్రస్తావన లేదు. వచ్చిన మందు యాంటీబయాటిక్ అయితే ఆ ఊసు వస్తుంది. బీపీ మాత్రో, అలర్జీ మాత్రో, మానసిక వైద్యంలో వాడే మందో అయితే దానికీ బ్యాక్టీరియాకూ ఏం సంబంధమన్న ధీమాతో ఫైలు ముందుకు కదిలిపోతుంది. ఆ ధీమాకు ఆధారం లేదని తేలి చాలా ఏళ్లయింది. ఇక ఆ ప్రశ్నను కూడా తప్పనిసరి చేయండని అడగడానికే ఈ ఉత్తరం.

ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో వేసిన లెక్క. అందులో దాదాపు అంతా పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి పేగు గోడకు ఆహారంగా మారుస్తాయి, రోగనిరోధక వ్యవస్థకు శిక్షణ ఇస్తాయి, బయటినుంచి వచ్చే రోగకారక క్రిములకు చోటు దొరకనివ్వవు. మనం మింగే మాత్ర చిన్నపేగులో పూర్తిగా ఇంకిపోతే వీటిదాకా రాదు. కానీ చాలా మందులు పూర్తిగా ఇంకవు. ఇంకినవాటిలో కొన్ని కాలేయం నుంచి పైత్యరసంలో కలిసి మళ్లీ పేగుల్లోకే దిగుతాయి. అంటే మనం తలనొప్పికో గుండెకో వేసుకున్న మందును మనతోపాటు అవీ మింగుతున్నాయి.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఈఎంబీఎల్ అనే ప్రయోగశాల ఉంది. అక్కడివాళ్లు ఒక పని చేశారు. మార్కెట్లో ఉన్న 1,197 మందులను తీసుకొచ్చి, మనుషుల పేగుల్లో సాధారణంగా కనిపించే 40 బ్యాక్టీరియా రకాల మీద ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఇలాంటి పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే, అది ఎంత సాదా పనో మీకే అర్థమవుతుంది. పేగు బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే బతకవు. అందుకని గాలి చొరబడని పారదర్శకమైన గదిలాంటి పెట్టెలో పని చేయాలి. దాని గోడకు బిగించిన పొడవాటి రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, లోపలున్న వస్తువులను కదపాలి. లోపల అరచేయంత ప్లాస్టిక్ పళ్లెం, దాని నిండా వరసలుగా చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంటలోనూ బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన ద్రవం, అందులో ఒక మందు, ఒక రకం బ్యాక్టీరియా. గంటలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా పెరిగిన గుంట మసకబారుతుంది. యంత్రం గుంటలోకి కాంతిని పంపి ఆ మసకను కొలుస్తుంది. పక్క గుంటలన్నీ మసకబారినా ఒకటి మాత్రం తేటగానే ఉండిపోయిందంటే, అందులో పడిన మందు బ్యాక్టీరియాను పెరగనివ్వలేదన్నమాట.

2018లో 'నేచర్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. మనిషి శరీరంలోని కణాల మీద పనిచేయడానికి తయారైన 835 మందుల్లో 24 శాతం, అంటే దాదాపు నాలుగింట ఒకటి, కనీసం ఒక రకం పేగు బ్యాక్టీరియా పెరుగుదలను ఆపేశాయి. ఇవేవీ యాంటీబయాటిక్స్ కావు. మానసిక వ్యాధులకు వాడే యాంటీసైకోటిక్ మందులు ఇందులో ఎక్కువగా తేలాయి. రసాయన నిర్మాణంలో ఒకదానికొకటి పోలిక లేకపోయినా, అవి అణిచే బ్యాక్టీరియా మాత్రం చాలావరకు ఒకటే. అంతేకాదు, ఇలా బ్యాక్టీరియాను అణిచే మందుల దుష్ప్రభావాల జాబితాను చూస్తే, అది యాంటీబయాటిక్స్ దుష్ప్రభావాల జాబితాను పోలి ఉంది. ఇంతకాలం ఆ జాబితా మన కళ్లెదుటే ఉంది, కారణం ఎవరూ అడగలేదు.

ఈ ఫలితాలు తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "యాంటీబయాటిక్ కాని మందు బ్యాక్టీరియాను చంపదని అసలు ఎవరు తేల్చారు సార్?" అని అడిగింది. ఎవరూ తేల్చలేదమ్మా, అనుకున్నాం అంతే అన్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం అదే పరిశోధనలో ఇంకొకటి ఉంది. యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా ఈ మామూలు మందులను కూడా బాగానే తట్టుకుంటోంది. లోపలికొచ్చిన విషాన్ని బయటికి తోసేసే పంపులు బ్యాక్టీరియాకు ఉంటాయి. యాంటీబయాటిక్‌ను తోసేసే పంపే అలర్జీ మందునూ తోసేయగలదు. దీన్ని తిరగేసి చూడండి. ఏళ్ల తరబడి రోజూ వేసుకునే ఏదో ఒక మాత్ర, ఆ పంపు బలంగా ఉన్న బ్యాక్టీరియానే మిగిల్చి తక్కినవాటిని తగ్గిస్తూ పోతే? యాంటీబయాటిక్ ఒక్కటీ ముట్టని మనిషిలో కూడా దానికి లొంగని బ్యాక్టీరియా పెరగవచ్చు. మనుషుల్లో ఇలా జరుగుతోందని రుజువైందని నేను అనడం లేదు. కానీ యాంటీబయాటిక్స్ పనిచేయకుండా పోతున్నాయని ఇన్ని సభలు పెట్టి, ఇన్ని ప్రణాళికలు రాసే సంస్థలు ఈ అనుమానాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం ఏం సబబు?

ఇప్పుడు మీ ఇంటి విషయమే ఒకటి గుర్తుచేస్తాను. పశువులకు వాడే మందుల విషయంలో ఐసీహెచ్ లాంటిదే వీఐసీహెచ్ అని ఒక వేదిక ఉంది. దాని మార్గదర్శకాల్లో 36వ నంబరుది తీసి చూడండి. పశువులకు వాడిన యాంటీబయాటిక్ లాంటి మందుల అవశేషాలు పాలలోనో మాంసంలోనో మిగిలి, వాటిని మనుషులు తింటే ఏమవుతుందో తేల్చే పత్రం అది. అందులో మొదట మూడు ప్రశ్నలుంటాయి. ఆ అవశేషం మనిషి పేగుల్లోని బ్యాక్టీరియా మీద పనిచేస్తుందా? అది పెద్దపేగుదాకా చేరుతుందా? చేరినా అక్కడ దాని ప్రభావం మిగిలి ఉంటుందా? మూడింటికీ అవునని జవాబొస్తే, రోగకారక క్రిములను అడ్డుకునే కట్టడి దెబ్బతింటుందా, మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందా అని మరింత లోతుగా చూస్తారు.

అంటే ఏమిటి? గ్లాసు పాలలో మిగిలిన లేశమంత మందు మన పేగు బ్యాక్టీరియాను ఏం చేస్తుందో మీకు పట్టింపు ఉంది. అదే మనిషి రోజూ పరగడుపున పూర్తి మోతాదులో వేసుకునే మాత్ర విషయంలో లేదు. పశువుల పత్రం యాంటీబయాటిక్ తరహా మందులకే పరిమితమని మీరు అనవచ్చు. నిజమే. అప్పట్లో యాంటీబయాటిక్స్ మాత్రమే బ్యాక్టీరియాను తాకుతాయని అనుకున్నాం కాబట్టి అలా రాసుకున్నారు. 2018 తర్వాత ఆ హద్దు గీతకు అర్థం లేదు.

ఇంకో చిత్రం చూడండి. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా, పేగుల్లోని తక్కిన బ్యాక్టీరియా దెబ్బతిన్నప్పుడు విజృంభించి తీవ్రమైన విరేచనాలు పట్టిస్తుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ఇది తిరగబెట్టకుండా, ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన బ్యాక్టీరియాతో తయారైన రెబయోటాకు 2022లో, వౌస్ట్ అనే క్యాప్సూల్‌కు 2023లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. బ్యాక్టీరియానే మందుగా గుర్తించిన సంస్థ, మందువల్ల అదే బ్యాక్టీరియాకు ఏమవుతుందో చూడమని కంపెనీలను ఎందుకు బలవంతపెట్టడం లేదో నాకు అంతుపట్టదు.

ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ జాతి మందులనే తీసుకుందాం. అందరి నోటా 'గ్యాస్ టాబ్లెట్' అయిపోయినవి. కడుపులోని ఆమ్లం అన్నాన్ని అరిగించడమే కాక, నోట్లోంచి దిగే బ్యాక్టీరియాను అక్కడికక్కడే చంపే కాపలా పని కూడా చేస్తుంది. ఆ ఆమ్లం తగ్గితే నోటి బ్యాక్టీరియా పేగుల దాకా బతికి చేరుతుంది. 2016లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు, ఈ మాత్రలు వాడేవాళ్ల మలంలో నోట్లో ఉండే స్ట్రెప్టోకోకస్ లాంటివి పెరిగాయని చూపించాయి. ఈ మందులకూ డిఫిసిల్ విరేచనాలకూ సంబంధం ఉండవచ్చని ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరిక చేసింది. మంచి పనే. కానీ ఒమెప్రజోల్ మార్కెట్లోకి వచ్చింది 1980ల చివర్లో. రెండు దశాబ్దాలకు పైగా కోట్లాదిమంది మింగిన తర్వాత వచ్చిన హెచ్చరిక అది.

ఆ మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా పెట్టే కాగితాన్ని ఎప్పుడైనా రోగి కళ్లతో చదివారా? చీమ తలకాయంత అక్షరాలు. విరేచనాలు, మలబద్ధకం, కడుపు ఉబ్బరం, వికారం అని వరసగా ఉంటుంది. విరేచనాలూ రావచ్చు, మలబద్ధకమూ రావచ్చు! ఇంకో జబ్బుకు వాడే ఇంకో మందు కాగితం విప్పినా ఇంచుమించు అదే వరస. ఎంతమందిలో వస్తుందో అంకె ఉంటుంది, ఎందుకు వస్తుందో ఉండదు. పేగు బ్యాక్టీరియా మారడంవల్ల వచ్చిందా, పేగు కండరాల మీద మందు పనిచేయడంవల్ల వచ్చిందా అన్నది డాక్టరుకు తెలిస్తే చికిత్స మారుతుంది. తెలియకపోతే విరేచనాలకు మరో మాత్ర రాస్తారు. ఆ మాత్ర బ్యాక్టీరియాను ఏం చేస్తుందో మళ్లీ ఎవరికీ తెలియదు.

2025లో జర్మనీలోనే ట్యూబింగెన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మందువల్ల ఒక్కో బ్యాక్టీరియాకు ఏమవుతుందని కాక, మొత్తం బ్యాక్టీరియా సమూహం రోగకారక క్రిమిని ఎంతవరకు అడ్డుకోగలుగుతోందో చూశారు. యాంటీబయాటిక్స్ కాని 53 మందులను పరీక్షిస్తే, వాటిలో నాలుగో వంతుకు పైగా, విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా అనే క్రిమి పెరగడానికి దారిచ్చాయి. పశువుల మందుల పత్రంలో మీరు రాసుకున్న 'కట్టడి దెబ్బతినడం' అచ్చంగా ఇదే.

బ్యాక్టీరియాకు మందు ఏం చేస్తుందన్నది ఒక వైపు. మందుకు బ్యాక్టీరియా ఏం చేస్తుందన్నది రెండో వైపు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో 271 మందులను 76 రకాల పేగు బ్యాక్టీరియాకు ఇచ్చి చూస్తే, మూడింట రెండు వంతుల మందులను ఏదో ఒక బ్యాక్టీరియా మార్చేసింది. గుండె మందు డిగాక్సిన్ సంగతి 1980ల మొదట్లోనే తెలుసు. అది వాడే దాదాపు పదిమందిలో ఒకరి పేగుల్లో బ్యాక్టీరియా ఆ మందును చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. ఆ రోగికి వేరే ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ ఇస్తే బ్యాక్టీరియా అణిగి, రక్తంలో డిగాక్సిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య పెద్దగా ఎడం లేని మందు అది. మరి యాంటీబయాటిక్ కాని మందు కూడా బ్యాక్టీరియాను అణచగలిగితే? నాలుగైదు రకాల మాత్రలు కలిపి వేసుకునే పెద్ద వయసువాళ్లలో ఈ ప్రశ్న ఎవరు వేస్తున్నారు?

వేయకపోతే ఏం జరుగుతుందో 1993లో జపాన్ చూసింది. సర్పికి సొరివుడిన్ అనే కొత్త మందు వచ్చింది. దాన్ని పేగు బ్యాక్టీరియా మరో పదార్థంగా మార్చింది. ఆ పదార్థం, క్యాన్సర్ మందు ఫ్లోరోయురాసిల్‌ను శరీరం విరగ్గొట్టుకునే ఎంజైమును పనిచేయనివ్వలేదు. రెండు మందులూ కలిపి వాడిన క్యాన్సర్ రోగుల్లో ఫ్లోరోయురాసిల్ పేరుకుపోయి కనీసం 15 మంది చనిపోయారు. మందు అమ్మకానికి వచ్చిన కొద్ది వారాల్లోనే జరిగిపోయింది ఇదంతా. విడివిడిగా చూస్తే రెండూ అనుమతి పొందిన మందులే. మధ్యలో ఉన్న బ్యాక్టీరియాను లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఈ ప్రభావాలన్నీ చెడ్డవే అనుకుంటే అదీ పొరపాటే. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ పేగు బ్యాక్టీరియాను బాగానే మారుస్తుంది. ఆ మార్పు కొంతవరకు మేలే చేస్తోందనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ల మలంలోని బ్యాక్టీరియాను, బ్యాక్టీరియాయే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికి చక్కెరను అదుపు చేసుకునే శక్తి పెరిగిందని 2017లో తేలింది. అంతకు ముందు మెట్‌ఫార్మిన్ పరిశోధకులను తికమక పెట్టిన కథ కూడా ఉంది. షుగర్ రోగుల పేగు బ్యాక్టీరియా ఎలా ఉంటుందని చైనాలో ఒకరు, స్వీడన్‌లో ఒకరు చూస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2015లో 784 మంది నమూనాలను కలిపి విడదీసి చూస్తే, జబ్బు గుర్తులు అనుకున్నవాటిలో కొన్ని మందు గుర్తులని తేలింది. మీరు ముందే మెట్‌ఫార్మిన్ పేగు బ్యాక్టీరియాను ఏం చేస్తుందో రాయించి ఉంటే అంతమంది అన్నేళ్లు తప్పు దారిలో నడిచేవారు కాదు.

మీ అభ్యంతరాలు ఊహించగలను. ప్లాస్టిక్ గుంటలో జరిగింది పేగులో జరుగుతుందని గ్యారంటీ ఏమిటి? ఏమీ లేదు. పేగులో ఆహారం ఉంటుంది, పైత్యరసం ఉంటుంది, ఒక బ్యాక్టీరియా ఇంకోదాన్ని కాపాడుతుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కానీ గుండె విషయంలో మీరు చేస్తున్నదీ ఇదే కదా. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందు, సిసాప్రైడ్ అనే జీర్ణకోశ మందు గుండె లయను తప్పించి ప్రాణాలు తీశాక, 1990ల చివర్లోనూ 2000లోనూ అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోయాయి. 2005లో ఐసీహెచ్ రెండు మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటినుంచి కొత్త మందును గుండె కణాల్లో ఉండే ఒక పొటాషియం ద్వారం మీద ప్రయోగశాలలో పరీక్షించడం మామూలైపోయింది. ఆ పరీక్షలో మందు తప్పు తేలితే దాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయరు. మనుషుల్లో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలని గుర్తు పెట్టుకుంటారు. నేనడుగుతున్నదీ అంతకు మించి కాదు.

ఖర్చంటారా, ఒక మందును మనుషుల మీద పరీక్షించడానికి అయ్యే ఖర్చు పక్కన ఈ పళ్లేల పరీక్ష లెక్కలోకే రాదు. అసలు ఖర్చు మనుషుల పరీక్షల్లో మలం నమూనాలు తీసి, భద్రపరిచి, చదవడంలో ఉంది. దాన్ని కాదనను. అందుకే ఆ నమూనాలను ప్రతి మందుకూ అడగొద్దంటున్నాను.

నా కోరిక ఇంత. పశువుల మందుల పత్రంలోని ఆ మూడు ప్రశ్నలనే తీసుకొచ్చి, నోటితో తీసుకునే ప్రతి కొత్త మందుకూ వేయండి. అవునని తేలిన మందులకు మాత్రం, మనుషుల పరీక్షల్లో మందు మొదలుపెట్టకముందు, వాడుతుండగా, ఆపేశాక మలం నమూనాలు తీయించండి. ఆపేశాక తీసే నమూనా ముఖ్యం, పోయిన బ్యాక్టీరియా తిరిగొచ్చిందో లేదో దానిలోనే తెలుస్తుంది. ఫలితాలను కంపెనీ అల్మారాలో దాచనివ్వకుండా బహిరంగంగా పెట్టించండి. మందు పెట్టెలోని కాగితంలో ఒక్క వాక్యం చేర్పించండి: ఈ మందు పేగు బ్యాక్టీరియాను మారుస్తుందో లేదో, తెలియకపోతే తెలియదనే. 'పరీక్షించలేదు' అని అచ్చులో కనబడితే కంపెనీలే పరుగెత్తి పరీక్షిస్తాయి, నాకు ఆ నమ్మకం ఉంది.

పాత మందుల సంగతి వేరు. వాటికి పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి, పరీక్షకు డబ్బు పెట్టే నాథుడు లేడు. అక్కడ ప్రజాధనం పెట్టక తప్పదు. నన్నడిగితే ఏళ్ల తరబడి వాడేవాటితో మొదలుపెట్టాలి: ఆమ్లం తగ్గించే మాత్రలు, యాంటీసైకోటిక్స్, డిప్రెషన్ మందులు. యాంటీసైకోటిక్స్‌ను ముందు పెట్టమంటాను. అవి వాడేవాళ్లు చాలామంది బరువు పెరుగుతారు, మలబద్ధకంతో నానా అవస్థా పడతారు, చెప్పుకుంటే వినేవాళ్లు తక్కువ. అందులో బ్యాక్టీరియా వాటా ఎంతో తేలితే ఆ కష్టం తగ్గించే దారి దొరకవచ్చు.

ఈ లేఖను మీతోపాటు మందులు వాడేవాళ్లూ చదువుతారు. వాళ్లకొక మాట. ఇది చదివి మీ మాత్ర ఆపేయకండి. గుండె, షుగర్, మానసిక ఆరోగ్య మందులను ఉన్నట్టుండి మానేస్తే జరిగే నష్టం ఖాయం, బ్యాక్టీరియా వల్ల జరిగే నష్టం ఎంతో ఇంకా తేలాల్సి ఉంది. మందు మొదలుపెట్టాక కడుపులో తేడా కనిపిస్తే డాక్టరుతో చెప్పండి, గ్యాస్ టాబ్లెట్ ఇంకా అవసరమేనా అని అడగండి. అంతవరకే. ఈ గందరగోళాన్ని తేల్చాల్సిన బాధ్యత రోగిది కాదు, పైన ఎవరికి రాశానో వాళ్లది.

ఐసీహెచ్ కొత్త మార్గదర్శకాన్ని చేపట్టాలంటే ముందు సభ్య సంస్థల్లో ఎవరో ఒకరు ఆ అంశాన్ని ప్రతిపాదించాలి. మీలో ఒక్క సంస్థ ముందుకొస్తే చాలు. ముసాయిదా తయారై దాని మీద అభిప్రాయాలు అడిగిన రోజున, వాక్యం వాక్యం చదివి రాసి పంపడానికి నాలాంటి మాస్టర్లూ, మా విద్యార్థులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడు